మిల్లు గోడ పొంటి టాపెట్ల చప్పుడు

ఈ ముచ్చట నాకు మొదలు చెప్పింది గేమ్యా. మేళ్లచెరువు నుంచి సిమెంటు లారీ తోలుతడు. అబద్ధమాడేటోడు కాదు గని, భయపడితే జర ఎక్కువ చేసి చెప్తడు. అందుకే ఆయన చెప్పిన దాంట్ల సగం తీసేసి మీకు చెప్తున్న.

వేములపల్లి దాటినంక రోడ్డు పక్కన మూతపడ్డ రైసుమిల్లు ఉంటది. పైకప్పు ఎప్పుడో పోయింది. గోడ మాత్రం రోడ్డు పొడుగునా నిలవడ్డది. చీకటి పడితే ఆ గోడ పొంటి ఎవ్వరూ నడవరు. ఎందుకంటే... సైదయ్య.

సైదయ్య ఆ మిల్లు వాచ్‌మన్. రాత్రంత కట్టెతోటి గోడను కొట్టుకుంట తిరిగేటోడు — టక్, టక్, టక్. తాను నిద్రపోలేదని లోపల పండుకున్న సేటుకు తెల్వాలె గద. ఒక వానకాలం ఆ గోడ పక్కనే పానం పోయింది. సేటు మిల్లు మూసిండు. చప్పుడు మాత్రం బందు కాలేదని జనం అంటరు.

ఒక పొద్దు గేమ్యా మిర్యాలగూడల ఉండే కిరణ్ కారు ఎక్కి వస్తున్నడు. కిరణ్‌కు స్పీడు పిచ్చి. పాత కారు కొని, పోటీలకని సూర్యాపేటల నా షెడ్డుల ఇంజన్ చేయించుకుండు. వాల్వులను లేపేటందుకు గట్టి టాపెట్లు ఏసిన. లోపల నూనె గీనె లేని, ఉత్త ఇనుపయి.

పొద్దుగూకినంక గోడ కాడికొచ్చిన్రు. గాలికని అద్దాలు దించిన్రు.

టక్ టక్ టక్ టక్...

"అన్నా," అన్నడట గేమ్యా, "ఇంటున్నవా?"

"మాట్లాడకు."

కిరణ్ స్పీడు పెంచిండు. చప్పుడు గూడ ఉరికింది. తగ్గించిండు. అదీ నెమ్మదైంది. భయానికి క్లచ్ మీది కాలు తీసేసరికి ఇంజన్ ఆగిపోయింది — చప్పుడు గూడ ఆగింది!

"నిలవడ్డడు," అని గేమ్యా గుసగుస. "మన కోసమే నిలవడ్డడే."

మళ్ల స్టార్ట్ చేస్తే మళ్ల టక్ టక్. గోడ పొడుగునా ఎంబడి వచ్చింది. గోడ అయిపోయింది... చప్పుడు లేదు.

ఇది విని నాకు నవ్వు రాలే. కోపమొచ్చింది. అది సైదయ్య కాదు, నా టాపెట్లు! గట్టి టాపెట్ కొట్టే కాడ వాల్వుకు సన్నటి సందు ఉంచాలె. గేజు పెట్టి నేనే ఉంచిన. ఇంజన్ తిరిగినప్పుడల్ల ఆ సందుల దెబ్బ పడి టక్కుమంటది. బయలుల ఆ చప్పుడు గాలిల కలిసిపోతది. గోడ పక్కకు పోతే గోడ దాన్ని తిరగ్గొట్టి మన చెవుల పోస్తది. పట్టపగలు ఇద్దర్నీ అదే కారుల గోడ పొంటి తీస్కపోయి వినిపించిన. గేమ్యా సిగ్గుతోటి తల దించుకుండు.

గీడికి ఖతం కావాలె. కాలే. కోదాడ సంపత్ నడుమ దూరిండు.

సంపత్ పానా పట్టుడు నేర్చుకున్నది నా షెడ్డులనే. ఇప్పుడు అద్దాల తలుపులతోటి సొంత మెకానిక్ షాపు పెట్టిండు. "కిరణ్ గారూ, ఉస్తాద్ సెట్టింగు లూజండీ," అన్నడట. "హైడ్రాలిక్ వేయించండి. లోపల నూనె నిండి సందే ఉండదు. సడి చెయ్యకుండా పోతుంది."

కిరణ్ భార్య ప్రవళిక గూడ, "ఆ టకటకతోని నేను కారెక్క," అన్నది.

"బిడ్డా, హైడ్రాలిక్ పెండ్లిళ్లకు పోయెటందుకు మంచిది," అన్న నేను. "పోటీల ఇంజన్ గట్టిగ తిరిగితే దాంట్ల నూనె ఎక్కువెక్కి వాల్వు సక్కగ మూసుకోదు. జోరు పడిపోతది. గట్టిది మొత్తుకుంటది గని పని తప్పది."

ఎవరింటరు? పోటీ పోతే పోనీ. ఇన్నేండ్ల నా పేరు లూజు అయింది, అది నాకు మింగుడు పడలే.

సంపత్ టాపెట్లను, వాటిని లేపే కామ్‌షాఫ్టుతో సహ మార్చి, నేను ఏసినయి నాకే పంపిండు. మార్చి ఊకోక, చప్పుడు లేని బండి చూద్దువు రమ్మని నన్ను పిలిచిండు. అదే గోడ కాడికి, అదే ఏళకు! ముంగట కిరణ్, సంపత్. ఎనుక సీట్ల నేను.

గోడ మొదలైంది. చప్పుడు లేదు.

"ఏంటి ఉస్తాద్, ఏమన్నా వినపడుతుందా?" పండ్లన్నీ బయటపెట్టి అడిగిండు సంపత్.

"ఆపమను. బానెట్ ఎత్తి చూస్త," అన్న.

కిరణ్ ఇంజన్ బందు చేసి తాళం చేతుల పట్టుకుండు.

టక్... టక్... టక్...



"సైలెన్సర్... చల్లారుతుందండీ," అన్నడు సంపత్.

సల్లారే సైలెన్సర్ చప్పుడు నాకు తెల్వదా? అది ఒక తీరుగ రాదు, పోనుపోను ఆగుతది. ఇది సమంగ వస్తున్నది. కారు కింది నుంచి కాదు... గోడ ఆ చివర నుంచి. దగ్గరికి.

"తాళం పెట్టండి... తాతా, పెట్టమను తాతా!" అని సంపత్ ఎనకకు తిరిగి నా చెయ్యి గట్టిగ పట్టుకుండు. ఎప్పుడూ ఉస్తాద్ అనేటోడు, ఇన్నేండ్లల్ల నన్ను తాతా అన్నది అదే మొదలు.

చప్పుడు మా అద్దం పక్కకొచ్చి ఆగింది.

కిరణ్ ఎట్ల తోలిండో తోలిండు. మిర్యాలగూడ లైట్లు కనవడేదాక ఎవ్వరం ఎనకకు చూడలే.

ఇగ ఇప్పుడు సంపత్ కోదాడల ఏమని చెప్పుకుంట తిరుగుతున్నడో తెలుసా? "అది ఉస్తాద్ చేసిన ఇంజనండీ, ఎన్ని మార్చినా కొట్టుకుంటూనే ఉంటుంది" అని! ఆ పొద్దు ఇంజన్ బందు ఉండె. నా టాపెట్లు సూర్యాపేటల నా మంచం కింద ఉండె.

సైదయ్య ఉన్నడా లేడా, అది మీరే సూసుకోండ్రి. కోదాడ దిక్కు పోయెటోళ్లు ఎవరన్న ఉంటే మాత్రం, సంపత్ షాపు ముంగట ఆగి నలుగురు వినేటట్టు చెప్పుండ్రి — ఆ గోడ కాడ కొట్టింది ఎవరైనా గానీ, నా సెట్టింగ్ కాదు.