వ్యాన్ తాత అడిగే ప్రశ్న

స్కూలు వ్యాన్ బేకరీ ముందు ఆగింది. వ్యాన్ నడిపే తాత దిగి, తలుపు మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు. ఎదురుగా ఎవరో కొత్త మనిషి. వ్యాన్లో ఉన్న బుజ్జిదానికి మేనమామనని, దాన్ని తీసుకెళ్ళడానికి వచ్చానని చెప్పాడు.

"మీరెవరో నాకు తెలీదు బాబూ. ఎందుకొచ్చారో వాళ్ళమ్మ చెబితేనే తలుపు తీస్తాను," అన్నాడు తాత.

బేకరీలోంచి బుజ్జిదాని అమ్మ పిండి చేతులతో బయటికొచ్చి, తన తమ్ముడేనని చెప్పాకే తలుపు తెరుచుకుంది. వ్యాన్‌లో పిల్లలు కిసుక్కున నవ్వారు. తాత సంగతి వాళ్ళకు కొత్త కాదు.

ముందు సీట్లో ఉన్న మనవరాలికి మాత్రం ఇదేమీ పట్టలేదు. ఒక్కచోట కుదురుగా కూర్చోదని అందరూ ఆ పిల్లను ఉడత అంటారు. తాత ఫోన్ ఎప్పుడూ ఉడత చేతిలోనే ఉంటుంది. 'వ్యాన్ బయలుదేరింది' అని పిల్లల ఇళ్ళకు మెసేజ్ పెట్టడం తన పని. ఆ పని ఎప్పుడో అయిపోయింది. ఇప్పుడు రంగులు వేసే ఆట ఆడుతోంది.

వెనక సీట్లోంచి కళ్ళజోడు మెడ చాచాడు. వాడి ముక్కు మీద కళ్ళజోడు ఎప్పుడూ జారుతూనే ఉంటుంది, అందుకే ఆ పేరు. స్టోర్‌లో దొరికే ఆటలో రంగులు తక్కువని, తన దగ్గరున్న లింకుతో వేసుకుంటే అన్ని రంగులూ ఉచితమని ఊరించాడు.

పాపం, ఫోన్ ముందే హెచ్చరించింది. ఈ యాప్ స్టోర్‌లోది కాదు, ఎక్కడిదో తెలియదు, అయినా వేయమంటారా అని అడిగింది. ఉడత 'సరే' నొక్కింది. ఫోన్‌లో ఉన్న నంబర్లన్నీ చూడనివ్వాలంది యాప్. నొక్కింది. మెసేజ్‌లు పంపనివ్వాలంది. అదీ నొక్కింది. చదివే ఓపిక ఎక్కడిది? ఊదారంగు ఏనుగు ఎదురుచూస్తోంది మరి.

మర్నాడు పొద్దున బేకరీ దగ్గర బుజ్జిదాని అమ్మ విసురుగా వచ్చింది. తాత నంబరు నుంచి 'మంచి ఆట, మీరూ వేసుకోండి' అని మెసేజ్ వచ్చిందట. తాతే పంపాడు కదా అని వేసుకుందట. అప్పటినుంచీ ఫోన్ నిండా ప్రకటనలే. కేకుల ఆర్డర్లు చూసుకోవడానికే వీల్లేకుండా పోయిందట.

ఉడతకు నిన్న తాను నొక్కిన 'సరే'లు గుర్తొచ్చాయి. తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా కూర్చుంది.

"ముసలివాణ్ణమ్మా. చూపు ఆనక ఏదో నొక్కేసి ఉంటాను. ఏమీ అనుకోకు," అన్నాడు తాత.

తర్వాతి ఇంటి దగ్గరా ఇదే గొడవ. అక్కడా తాత అదే మాట చెప్పి తల వంచుకున్నాడు. పిల్లలు ఒక్కొక్కరూ ఎక్కేకొద్దీ ఉడత గుండె మీద బరువూ పెరిగింది.

ఆఖరికి కళ్ళజోడు ఇల్లు వచ్చింది. తాత చెప్పింది విన్నా వాళ్ళ నాన్న వాడి చెయ్యి వదల్లేదు. ఫోన్ చూసుకోలేని మనిషి రోడ్డేం చూస్తాడని, రేపటినుంచి తన కొడుకును తానే స్కూల్లో దించుకుంటానని మొహమ్మీదే అనేశాడు. తాత సరేనని తలాడించి, కళ్ళజోడు కోసం తీసిన తలుపు తానే మూసేశాడు.

ఆ మూసిన తలుపు చూశాక ఉడతకు ఇక సీట్లో కూర్చోబుద్ధి కాలేదు. గబగబా కిందికి దిగింది.

"తాత చూపు బాగానే ఉంది అంకుల్. నొక్కింది తాత కాదు, నేను."

కళ్ళజోడు నేల చూపులు చూస్తూ, లింకు ఇచ్చింది తానేనని గొణిగాడు. నాన్న వాడి వైపూ తాత వైపూ చూశాడు. తొందరపడి మాట తూలానని తాతతో చెప్పి, మెల్లగా కొడుకు చెయ్యి వదిలేసి వ్యాన్ ఎక్కించాడు.

వ్యాన్ కదిలింది. ఉడతకు ఏడుపు ఆగలేదు.

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు," అన్నాడు తాత. "తొక్కేశావు. ఇక కడుగుదాం పద."

సాయంత్రం ఫోన్ల దుకాణం అక్క ఆ యాప్ తీసేసి, ఎలా తీయాలో ఉడతకూ నేర్పింది. ఉడత తాతతో కలిసి ఇల్లిల్లూ తిరిగింది. తప్పు తనదని ప్రతిచోటా తానే చెప్పింది. యాప్ వేసుకున్నవాళ్ళ ఫోన్లలోంచి దగ్గరుండి తీయించింది. బుజ్జిదాని అమ్మ కోపం చల్లారడానికి మాత్రం కాస్త సమయం పట్టింది.

కొన్నాళ్ళకు స్కూలు గేటు దగ్గర వ్యాన్ ఆగి ఉండగా తాత ఫోన్‌కు ఇంకో లింకు వచ్చింది. కార్ల ఆట, అన్ని కార్లూ ఉచితం. కళ్ళజోడు ఆశగా మెడ చాచాడు.

ఉడత అరచేతిని స్క్రీన్ మీద పెట్టింది, అచ్చం తాత వ్యాన్ తలుపు మీద పెట్టినట్టే.

"నువ్వెవరో మాకు తెలీదు బాబూ," అంది ఫోన్‌తో. "ఎందుకొచ్చావో మా తాతకు చెప్పు."

డ్రైవరు సీట్లో తాత పకపకా నవ్వి, తీసేయమన్నట్టు చెయ్యి ఊపాడు. ఉడత లింకు తీసేసింది. తర్వాత తన పని తాను చేసింది. 'వ్యాన్ బయలుదేరింది' అని పెట్టింది.

ఆ సాయంత్రం ఏ గుమ్మం దగ్గరా తాత హారన్ కొట్టాల్సిన అవసరం రాలేదు. తాత నంబరు నుంచి వచ్చిన మెసేజ్ నమ్మి అందరూ ముందే వచ్చి నిలబడ్డారు.