యూలోహియా ఇంటి ముందు తెల్లబట్టల పిల్ల

రైలు పట్టాల పక్కనున్న ఆ పసుపు ఇంటికి మంచి పేరు లేదు. చీకటి పడ్డాక అటు వెళ్తే కార్లు ఆగిపోతాయట. లోపల ఎవరో దగ్గుతారట... చుట్ట వాసన వస్తుందట. ఈ కబుర్లు చెప్పేదెవరనుకున్నారు? మా పేట పిల్లలు కాదు — నడుముకి తుపాకీ కట్టుకుని తిరిగే పోలీసులు.

మయామీ పక్కన మా పేటలో క్యూబావాళ్లమే ఎక్కువ. మాకెవరికీ ఆ ఇల్లంటే భయం లేదు. అది యూలోహియా ఇల్లు. నాకు దీక్ష ఇచ్చిన తల్లి, మా మాటలో మద్రీనా. అన్నేళ్లు అమెరికాలో ఉండి ఒక్క ఇంగ్లీషు ముక్క నేర్చుకోలేదు, మహాతల్లి. తిట్టినా దీవించినా స్పానిష్‌లోనే. ఆ ఇంట్లోనే పోయింది. పోయినవాళ్లు మాకు దెయ్యాలు కారు, ఇంటివాళ్లు. ఇప్పటికీ పొద్దున్నే మొదటి కాఫీ ఆమెకి పోశాకే నేను తాగుతాను.

పోయినేడాది ఈ పోలీసులకి మా మతం గురించి, అంటే ఆఫ్రికా నుంచి క్యూబాకి వచ్చిన దేవుళ్ల పూజల గురించి, క్లాసు పెట్టారు. మంచిదే, నేర్చుకోనీ అనుకున్నాం. ఎవరో నిపుణుడట, ఎక్కడినుంచో దిగాడు. కోడి తల, కొవ్వొత్తి, పుర్రె — బొమ్మలు చూపించి భోజనాల వేళకి చేతులు దులుపుకున్నాడు. మావాళ్లలో ఒక్కరిని పిలిచిన పాపాన పోలేదు. "గుండు, తెల్లబట్టలు కనబడితే చెయ్యి తుపాకీ మీదే ఉంచండి" అన్నాడట. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చ అంటారు. ఈ పెద్దమనిషి తన కామెర్లు స్టేషన్ మొత్తానికి అంటించి పోయాడు.

ఆ క్లాసులో ముందు వరసలో కూర్చుని తలాడించినవాడు హోలిస్ అనే పోలీసు కుర్రాడు.

ఇక నా దగ్గర దీక్ష తీసుకున్న పిల్ల యుడెల్కిస్. పళ్ల డాక్టరు దగ్గర పని చేస్తుంది. దీక్ష పుచ్చుకున్న ఏడాదంతా గుండు, దాని మీద తెల్లగుడ్డ, ఒంటి మీద తెల్లబట్టలు. పేరు పెట్టి ఎవరూ పిలవకూడదు, 'ఇయావో' అనాలి, అంటే కొత్తగా దీక్ష పట్టిన మనిషి అని. ఎవరి చేతికీ ఏదీ ఇవ్వకూడదు, ఎవరి చేతినుంచీ అందుకోకూడదు. ఏదైనా కింద పెట్టాల్సిందే. తన మద్రీనా, అంటే నేను, కనిపిస్తే, ఎక్కడున్నా సరే, నేల మీద పడి మొక్కాలి. పొద్దు గుంకేలోగా ఇల్లు చేరాలి.

ఆ సాయంత్రం ఓగూన్‌కి పళ్లు పెట్టి రమ్మన్నాను. ఇనుముకి దొరైన దేవుడాయన, అందుకని రైలు పట్టాల దగ్గరే ఆయనకి నైవేద్యం. బస్సు ఆలస్యమైంది. చీకటి పడింది. పిల్ల రాలేదు. మనసు నిలవక నేనే బయల్దేరాను.

ఈలోపు అక్కడ జరిగింది తర్వాత ఇద్దరూ చెప్పగా విన్నాను.

హోలిస్ కారు దిగాడు. యూలోహియా ఇంటి ముందు... తెల్లగా... ఏదో కదిలింది. టార్చి వేశాడు. తలగుడ్డ గాలికి జారింది. గుండు. వీడి పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఎవరు నువ్వు?" అని అరిచాడట.

"ఇయావో."

"నీ పేరడిగాను."

"ఈ ఏడాది నాకు పేరు లేదు సార్."

పిచ్చిపిల్ల, ఉన్నమాటే చెప్పింది. 

"గుర్తింపు కార్డివ్వు," అని చెయ్యి చాచాడు.

పిల్ల కార్డు తీసింది... ఒంగింది... నేల మీద పెట్టి వెనక్కి జరిగింది. వాడు చూపు తిప్పకుండా కార్డు తీసుకున్నాడు. ఫోటోలో నడుం దాకా జుట్టు. ఎదురుగా గుండు. చెయ్యి తుపాకీ మీదికి పోయింది.

సరిగ్గా అప్పుడే నేను మలుపు తిరిగాను.

పిల్ల నన్ను చూసింది. చూసిందే తడవు, దబ్బున నేల మీద పడింది.

తుపాకీ బయటికొచ్చింది.

 కదిలితే కాలుస్తాడు. అరిచినా కాలుస్తాడు. నేను తట్టి లేపేదాకా పిల్ల లేవదు... అలా నేర్పింది నేనే. కళ్ల ముందే దాని ప్రాణం పోతుందనుకున్నాను.

"నాయనా..." అన్నాను మెల్లగా. "అది నాకు దణ్ణం పెడుతోంది. అంతే."

వాడికి వినపడలేదు. గొట్టం పిల్ల వీపు వైపే ఉంది. వేలు బిగుస్తోంది...

ఉన్నట్టుండి వాడు తల తిప్పాడు. యూలోహియా ఇంటి కిటికీ వైపు. టీచరు చేత చీవాట్లు తిన్న పిల్లాడి మొహం పెట్టాడు. తుపాకీ లోపల పెట్టాడు. ఒంగి, కార్డు నేల మీద పెట్టి, వెనక్కి తగ్గాడు.

నేను పరుగెత్తి పిల్ల భుజాలు తట్టి లేపాను. కార్డు తీసుకుని ఇద్దరం ఇంటి దారి పట్టాం.

వారం తిరక్కుండా హోలిస్ నా వంటింట్లో కూర్చున్నాడు. మా సంగతులు నేర్చుకుంటాడట. ఇప్పుడు గుర్తొచ్చింది దొరగారికి. టోపీ తీయించి, కాఫీ పోసి, తనివి తీరా తిట్టాను. అన్నీ పడ్డాడు.

"సరే గానీ, దీక్షలో ఉన్నవాళ్ల చేతికి ఏదీ ఇవ్వకూడదని మీ నిపుణుడు చెప్పాడా?" అన్నాను.

"లేదండి."

"మరి కార్డు కింద పెట్టాలని నీకెలా తోచింది? నీకంత బుర్ర ఉన్నట్టు లేదే."

"ఆ ఇంట్లో ఆవిడే కదండీ చెప్పింది. కిటికీలో, చుట్ట కాలుస్తూ... ఆ పెద్దావిడ. 'తుపాకీ దాచరా గాడిదా, కార్డు కింద పెట్టి వెనక్కి తగ్గు' అంది."

నా చేతిలో చెంచా ఆగిపోయింది. యూలోహియా పోయినప్పటినుంచీ ఆ ఇంటికి తాళమే, తాళంచెవి నా మెడలో గొలుసుకే ఉంది.

"ఏ భాషలో అంది?"

"అదేంటండీ, ఇంగ్లీ..." ఆగాడు.   "తెలీదండి. నాకు స్పానిష్ రాదు. కానీ... అర్థమైంది."

ఆ రాత్రి నాకు కంటిమీద కునుకు లేదు. భయంతో అనుకునేరు — ఒళ్లుమంటతో. ఇన్నేళ్లుగా కాఫీ పోస్తున్నదాన్ని, యూలోహియా ఏనాడూ నా కలలోకి రాలేదు. ఒక్క దగ్గయినా నాకు వినిపించలేదు. పోయి పోయి వాడితో మాట్లాడిందా?

తెల్లారి ఆమె కాఫీ ఆమెకి పోశాను. పంచదార మాత్రం వెయ్యలేదు.