మెలిపడిన మణికట్టు

"బోటు భావనపాడుకే వస్తాది. బలగాలన్నీ అక్కడే పెట్టండి," అన్నాడు మసక వీడియోలో జేమ్స్. చివర కోడ్‌వర్డ్ చెప్పాడు: "గాలి తిరిగింది."

శ్రీకాకుళంలో ఫోటో స్టూడియో బోర్డు వెనక నడిచే సీక్రెట్ ఆఫీసులో చీఫ్ నరసింగరావు ఊపిరి పీల్చుకున్నాడు. పేలుడు పదార్థాలు దింపే విదేశీ ముఠాలో వాళ్ల మనిషిగా తిరుగుతున్న డబుల్ ఏజెంట్ జేమ్స్. వారం నుంచి కబురు లేదు.

ఏజెంట్ ఝాన్సీ కళ్లు తుడుచుకుంది. వచ్చే నెల అతనితో ఆమె పెళ్లి. ఆ మొహం ఇంకోసారి చూసుకుందామని వీడియో మళ్లీ పెట్టింది. జేమ్స్ అరచెయ్యి తిప్పాడు. ఆమె టక్కున ఆపేసింది.

"ఇది జేమ్స్ కాదు సార్. కంప్యూటర్ బొమ్మ."

"ఏటమ్మా? కోడ్ సరిపోయింది. గొంతు వాడిదే."

"పాత ఫోన్లలోంచి గొంతు అతికించొచ్చు. మణికట్టు సూడండి."

తిప్పిన చోట చర్మం చాక్లెట్ కాగితంలా మెలిపడి, సన్నగా నొక్కుకుపోయింది. ఉద్యోగానికి ముందు ఝాన్సీ యానిమేషన్ చేసేది.

"బొమ్మకి లోపల ఎముకలు, పైన చర్మం పెడతాం సార్. ఏ ఎముకతో ఏ చర్మం ఎంత కదలాలో మనమే సెప్పాలి. చెయ్యి తిప్పితే ఆ మెలి ముంజెయ్యంతా పంచాల. వీళ్లు తొందర్లో మణికట్టు మీదే వదిలేసేరు. కంప్యూటర్‌కి నొప్పి తెలీదు, సెప్పినట్టు తిప్పేస్తాది."

"మరి మన జేమ్స్?"

ఆమె వీడియో మూసేసింది.

"కొట్టి కోడ్ లాగేరు సార్. తరవాత మాట్లాడించడానికి మడిసి మిగల్లేదు."

నరసింగరావు కుర్చీలో కూలబడ్డాడు. ఝాన్సీ లేచింది. "వారం కింద జేమ్స్ పంపిన ఆఖరి కబురు, బోటు కళింగపట్నం వస్తాదని. అదే నిజం. పదండి."

సాయంత్రానికి కళింగపట్నం తీరంలో ఆమె నెత్తిన గంప, గంపలో ఎండుచేపలు, వాటి కింద పిస్టల్. బోటు ఇసుకకి ఆనింది. మాటు వేసిన పోలీసుల్ని చూసి బోటు డ్రైవర్ సరుకు పేల్చే రిమోట్ తీశాడు. వేలు బటన్ మీద పడబోతుండగా ఝాన్సీ కాల్చింది. రిమోట్ నీళ్లలో పడింది.

"జేమ్స్ ఎక్కడ?" అడిగింది.

చెయ్యి పట్టుకుని మూలుగుతూ అతను సముద్రం వైపు చూశాడు. ఆమె పిస్టల్ దించింది. తడి ఇసుకలో కూర్చుండిపోయింది.

నరసింగరావు పక్కన కూర్చున్నాడు. "ఊరంతా బతికింది తల్లీ, వాళ్ల తప్పు పుణ్యమాని."

ఝాన్సీ అలల్నే చూస్తోంది.

"ఇంకాస్త పనొచ్చినోడిని పెట్టుకోవాల్సింది సార్. ఈ పూటకైనా బతికున్నాడని నమ్మేదాన్ని."