ఐదో ఆదివారం కూడా మిస్సింగే

ఆ ఆదివారం ఇంట్లో ఉన్నది నలుగురు. నాయన శ్రీరంగప్ప పంచె మడిచి కట్టి వసారాలో అటూ ఇటూ తిరుగుతున్నాడు. అవ్వ ఓబమ్మ గడప పక్కన కూర్చుని చెనక్కాయలు ఒలుస్తోంది. ప్రసూన డీఎస్సీ పుస్తకం ఒళ్లో పెట్టుకుని, పేజీ తిప్పకుండా అరగంటగా కిటికీలోంచి చూస్తోంది. అమ్మ యశోదమ్మ అనంతపురంలో చెల్లెలింటికి పోయింది కాబట్టి లెక్కలోకి రాదు. నాలుగోవాడు ఇంటివాడు కాదు. గుంతకల్లు రైల్వేలో ఎలక్ట్రీషియను, పేరు వీరేష్. రేకుల షెడ్డులో కారు బానెట్ కింద తల దూర్చి ఉన్నాడు.

ఐదు ఆదివారాలుగా ఆ తల అక్కడే ఉంది. ప్రసూన అనుమానమంతా ఆ తల మీదే.

కారు ముప్పై ఏండ్లది. వెనక సీటు పీకేసి, శ్రీరంగప్ప అందులో నైటీల మూటలు వేసుకుని పామిడి చుట్టుపక్కల సంతలన్నీ తిరుగుతాడు. నెల కిందట దానికి దగ్గు పట్టుకుంది. మిట్ట ఎక్కాలంటే దడదడలాడి, వెనకనుంచి ఠప్పుమని పేలి, నిలబడిపోతుంది. మూడు సిలిండర్లలో ఒకదానికి నిప్పురవ్వ అందడం లేదు, దీన్నే మిస్సింగ్ అంటారు, అని వీరేష్ చెప్పాడు. అతను శ్రీరంగప్ప స్నేహితుడి కొడుకు. పాత బండ్లంటే ప్రాణమట. వచ్చి బాగుచేసి పోయాడు. నాలుగు రోజులు బండి గుర్రంలాగా తిరిగింది. మళ్లీ దగ్గు. మళ్లీ ఆదివారం. మళ్లీ వీరేష్.

దుడ్లు ఇస్తే తీసుకోడు. టీ మాత్రం రెండుసార్లు తాగుతాడు. పైసా తీసుకోకుండా, ఈ ఎండలో గుంతకల్లు నుంచి మోటార్ సైకిల్ మీద వచ్చేవాడిని ఎవరు నమ్ముతారు?

అందుకే బుధవారం నాడు నాయనకు చెప్పేసింది ప్రసూన. "ఆయన సగం బాగుచేసి సగం వదిలిపెడతాండాడు నాయనా. మళ్లీ వచ్చేదానికి."

"మనింటికి వస్తే ఆయప్పకేం వస్తాది పాపా? నీ టీ కోసమా?"

ప్రసూన దగ్గర ఒక జవాబు ఉంది. నాయనకు చెప్పే జవాబు కాదు.

శ్రీరంగప్పకు కూడా విసుగెత్తింది. పాత బండ్లు కొనే చిన్నప్పకు ఫోన్ చేశాడు. ఆదివారం సాయంత్రం ఐదింటికి వస్తానన్నాడు చిన్నప్ప. అప్పటికి రోగమేమిటో తేలకపోతే కారు అమ్మేయడమే.

ఆ మాట విని ప్రసూన సంతోషించాలి. కారు పోతే మోసగాడు మళ్లీ ఈ గడప తొక్కడు. కానీ బుధవారం నుంచి ఆమెకు ముద్ద దిగడం లేదు. అతను మోసగాడైతే తెలియాలి. కాకపోతే ఇంకా ముందు తెలియాలి.

పుస్తకం మూసి, ఒక చేత్తో టీ గ్లాసు, ఇంకో చేత్తో చిన్న నోట్‌బుక్ పట్టుకుని షెడ్డులోకి పోయింది.

"టీ."

"ఆడ పెట్టండి."

"ఏమన్నా దొరికిందా?"

"చూస్తాండా."

"ఐదు వారాలుగా చూస్తానే ఉండారు."

వీరేష్ తల బయటికి తీశాడు. ముక్కు మీద గ్రీజు. ఏదో అనబోయి, ఇంటివైపు తిరిగి అరిచాడు. "మామా! కొంచెం వచ్చి స్టార్ట్ చేయండి!"

మొదటి ఆదివారం 'సార్'. రెండో ఆదివారం 'అన్నా'. మూడో ఆదివారం నుంచి 'మామా'. ఇదీ నోట్‌బుక్‌లో ఉంది, కింద గీత కూడా గీసి ఉంది.

శ్రీరంగప్ప వచ్చి తాళం తిప్పాడు. కారు దడదడా ఊగింది. వీరేష్ ఎండిన గుడ్డతో మొదటి ప్లగ్ వైరు పట్టుకుని లాగాడు. ఇంజిన్ గొంతు పడిపోయింది. పెట్టేసి రెండోది లాగాడు. మళ్లీ పడిపోయింది. మూడోది లాగాడు. ఇంజిన్ పట్టించుకోలేదు. అదే దడ.

"ఉన్నా లేకున్నా దీనికి ఒకటే. అంటే పనిచేయనిది ఇదే" అన్నాడు.

"పోయిన వారం కూడా మూడోదే."

"మీకెట్ల గుర్తుండాది?"

"రాసుకున్నా" అంది ప్రసూన, న్యాయాధికారిలాగా.

ఆమె వద్దనేలోపు వీరేష్ గుడ్డకు చేయి తుడుచుకుని నోట్‌బుక్ లాక్కున్నాడు. పైకే చదివాడు. "మొదటి ఆదివారం, ప్లగ్గులు మార్చినాడు. రెండో ఆదివారం, వైర్లు మార్చినాడు. మూడో ఆదివారం, ఏమీ మార్చలేదు, తుడిచినాడు అంతే, బండి బాగైంది. నాలుగో ఆదివారం, అదే. నీలం చొక్కా." ఆగాడు. "నీలం చొక్కా ఎందుకు?"

"గుర్తుకు. పోలీసులు కూడా రాసుకుంటారు."

"నాలుగు వారాలవి నాలుగు చొక్కాలూ వెనక పేజీలో ఉండాయే."

"ఇయ్యండి ఈడికి!"

కారులోంచి శ్రీరంగప్ప దగ్గాడు. ఈసారి దగ్గింది బండి కాదు.

వీరేష్ నోట్‌బుక్ ఇవ్వలేదు. వేలితో ఒక వరస చూపించాడు. "ఇది చూడండి. సోమవారం బాగుండాది. గురువారం దాకా బాగుండాది. శుక్రవారం సాయంత్రం మిస్సింగ్. కింద వారం, శుక్రవారం. ఇంకో వారం, శుక్రవారం. మీరే రాసినారు. శుక్రవారం నేను యాడుంటా?"

"గుంతకల్లులో."

"మరి శుక్రవారం ఈడ ఎవరుంటారు?"

ప్రసూన నాలుగు వారాలు కష్టపడి పట్టిన సాక్ష్యం చుట్టూ తిరిగి వాళ్లింటి మీదికే వచ్చింది.

"షెడ్డు తలుపులు మూయండి" అన్నాడు వీరేష్. "చీకట్లో అయితే రవ్వ యాడ కారిపోతాందో కండ్లకు కనపడతాది."

మిట్ట మధ్యాహ్నం తలుపులు మూశారు. అవ్వ కూడా చెనక్కాయలు వదిలేసి లోపలికి వచ్చి నిలబడింది. రేకుల చిల్లుల్లోంచి ఎండ చుక్కలు చుక్కలుగా పడుతోంది. బయట ఒక మబ్బు వచ్చి, పామిడిని కాసేపు చూసి, ఏదో పని గుర్తొచ్చినట్టు కర్ణాటక వైపు వెళ్లిపోయింది. శ్రీరంగప్ప తాళం తిప్పాడు.

మూడు వైర్లూ మొలిచే చోట గుండ్రటి నల్లమూత ఒకటుంది. దాన్ని డిస్ట్రిబ్యూటర్ క్యాప్ అంటారు. ఆ మూత మీద, మూడో వైరు మొదట్లో, సన్నటి నీలం దారం వెలిగింది. ఆరింది. మళ్లీ వెలిగి, మూత మీదుగా పాకి, పక్కనున్న ఇనుములోకి టక్కుమని దూకింది.

"అబ్బా!" అంది ప్రసూన. తన చేయి వీరేష్ చొక్కాను పట్టుకుని ఉందని కొంచెం ఆలస్యంగా తెలిసింది. వదిలేసింది. ఈ వారం చొక్కా తెలుపు.

చీకట్లో అవ్వ గొంతు వినిపించింది. "అయ్యో, నా చుక్క మింద మంటలొస్తాండాయే!"

ఇంజిన్ ఆగింది. తలుపులు తెరుచుకున్నాయి.

"ఏం చుక్కమ్మా?" అన్నాడు శ్రీరంగప్ప నెమ్మదిగా.

"దిష్టిచుక్క రా. బాగయిన ప్రతిసారీ ఊరంతా దీని మీద కండ్లు వేస్తాండారు. పసిబిడ్డకు పెట్టమా, ఎవరికీ కనపడనిచోట? అట్లనే పెట్టినా. ఇది దాని తల గదా? జడలు కూడా ఉండాయి."

"ఎప్పుడు పెట్టినావు?"

"శుక్రవారం హారతి ఇస్తా గదా. బానెట్ తెరిచిపెట్టి నువ్వు నీళ్లు తెచ్చేదానికి పోతావే, అప్పుడు."

"దేంతో అవ్వా?" అన్నాడు వీరేష్.

"ఇంకేముంటాది నాయనా? ఆముదం దీపం మీద పట్టిన కాటుక."

నల్లమూత మీద నల్లచుక్క. అందుకే ఎవరి కంటా పడలేదు. "కాటుకంటే మసి అవ్వా" అని వీరేష్ మెల్లగా చెప్పాడు. "మసి మీద కరెంటు నడిచిపోతాది. ప్లగ్గుకు పోవాల్సిన రవ్వ నీ చుక్క మీద నడిచి ఇనుములో దిగిపోతాంది." కిరోసిన్ గుడ్డతో మూత తుడిచాడు. కారు స్టార్ట్ అయింది. మూడు సిలిండర్లూ ఒకే గొంతుతో పాడాయి.

"ఈసారి టైరుకు పెట్టుకో తల్లీ, నీకు దండం పెడతా" అన్నాడు శ్రీరంగప్ప. నవ్వుకుంటూ, రావద్దని చిన్నప్పకు ఫోన్ చేయడానికి ఇంట్లోకి పోయాడు. అవ్వ గొణుక్కుంటూ వెనకే పోయింది.

ప్రసూన పోలేదు. నోట్‌బుక్ తిరిగి చేతికొచ్చింది. మూడో ఆదివారం దగ్గర ఆమె వేలు ఆగింది.

"మూడో ఆదివారం ఏమీ మార్చలేదు. తుడిచినారు అంతే. ఏం తుడిచినారు?"

వీరేష్ స్పానర్లు సర్దడం మొదలుపెట్టాడు. సర్దినవే మళ్లీ సర్దాడు.

"మిమ్మల్నే."

"మూత."

"గుడ్డ నల్లగా అయి ఉండాలే. ఆముదం వాసన వచ్చి ఉండాలే."

"వచ్చింది."

"అంటే తెలుసు! రెండు వారాలుగా నీకు తెలుసు!" కోపంలో 'మీరు' ఎటో పోయింది.

"తెలుసు" అన్నాడు వీరేష్, నేలను చూస్తూ. "చెప్తే బండి బాగైపోతాది. బండి బాగైతే ఆదివారం నేను ఏ పనుందని రావాల?"

"మరి ఈరోజెందుకు చూపించినావు?"

"చిన్నప్ప వస్తాడని మామ పొద్దున ఫోన్‌లో చెప్పినాడు. చెప్పకుంటే బండి పోతాది. చెప్తే నేను పోతా. బండి మీ నాయనకు అన్నం పెట్టేది, నేను కాదు గదా. అందుకే."

"నేనన్నదే నిజం. మోసగాడివే నువ్వు."

"మోసగాడినే. అదీ రాసుకో."

"ఎందుకట్ల చేసినావు? టీ కోసమా?"

"టీలో చక్కెర వేయడం మరిచిపోతాండావు ప్రసూనా. ఐదు వారాలుగా. ఏదో ఆలోచిస్తా చేస్తావేమో అనుకుని, ప్రతిసారీ రెండో గ్లాసు కూడా అడిగినా."

ప్రసూన చెవులు కాలిపోయాయి. గిరుక్కున తిరిగి ఇంటివైపు పరిగెత్తింది. గడప దగ్గర అవ్వ అడ్డం నిలబడి ఉంది.

"యాడికే అట్ల ఉరుకుతావు?"

"నాయనకు చెప్పాల. ఆయన మోసం చేసినాడు. చుక్క సంగతి ముందే తెలుసంట. తెలిసి కూడా, ఆదివారం వచ్చేదానికి..."

అవ్వ ఆమె మొహం చూసింది. షెడ్డు వైపు చూసింది. అక్కడ వీరేష్ స్పానర్ల సంచి మోటార్ సైకిల్‌కు కడుతున్నాడు, విప్పుతున్నాడు, మళ్లీ కడుతున్నాడు.

"పెద్ద మోసమే. ఇంగ మా ఇంటి మొహం చూడొద్దని నేనే చెప్పేస్తా. జరుగు."

"వద్దు!"

ఆ మాట ఎంత గట్టిగా వచ్చిందంటే, షెడ్డు దగ్గర కట్టే చేతులు ఆగిపోయాయి.

"వద్దా?"

"వద్దవ్వా" అంది ప్రసూన, ఈసారి తనకే వినపడనంత చిన్నగా.

"మరి ఆ మాట నాతో చెప్తే ఏం లాభం మే? మీ నాయనతో నేను మాట్లాడుకుంటా. నువ్వు పోయి ఆయప్పతో మాట్లాడు. ఊరికే నిలబడి తిరిగొస్తే మాత్రం తీసేది లేదు."

"ఏం తీసేది?"

అవ్వ లోపలికి అడుగు వేసి, ప్రసూన మొహం మీదే తలుపు మూసి గొళ్లెం పెట్టింది.