ఎడమ రెక్క అతుకు

మార్కాపురంలో ప్రైవేటు డిటెక్టివుకు పనేముంటుందని నవ్వినవాళ్ళే, కష్టం వస్తే బ్రహ్మం గది తలుపు తట్టేవారు. ఆ ముసురు పొద్దున తట్టింది లీదియా. పలకల వ్యాపారి రంగయ్య ఇంట్లో పనిమనిషి.

“వాళ్ళ కొడుకు బాలయ్య బాబు యుద్ధానికి పోయేముందు చేసిన బొమ్మ విమానం రెక్క ఊడిపడింది అయ్యా. నేనే ఇరగ్గొట్టినానంట. బాబుకు కీడని అమ్మ అన్నం మానేసింది. నన్ను ఎల్లగొట్టినారు. ఇంక ఈ ఊర్లో నాకు పనెవరిస్తారు?”

బ్రహ్మం చెప్పులు తొడుక్కున్నాడు. సహాయకుడు ఏబేలు గొడుగు అందుకున్నాడు.

రంగయ్య వసారాలో జిగురు కుండ ముందు కూర్చుని పలకలకు చెక్క చట్రాలు బిగిస్తున్నాడు. ఎంతమంది పనివాళ్ళున్నా ఆయనకు తన చేతి మీదే నమ్మకం. లోపల, సినిమా రీళ్ళు చేసే సెల్యులాయిడ్‌తో చేసిన ఆ విమానాన్ని బ్రహ్మం తిప్పి తిప్పి చూశాడు. కుడి రెక్క లాగినా కదల్లేదు. ఊడిన ఎడమ రెక్క అంచున గోధుమరంగు పొర ఉంది. అది వేలికి అంటుకుంది.

“మీవాడు రెక్కలు దేంతో అతికినాడమ్మా?”

“టెంటు సినిమా ఆపరేటరు దగ్గర ఫిలిం అతికే మందు తెచ్చినాడు నాయనా. రెండిటికీ అదే. నేను పక్కనే కూచోనుంటి,” అంది రంగయ్య భార్య రాఘవమ్మ.

“లీదియా, నువ్వేం చూసినావు?” గడప బయటే నిలబడిపోయిన ఆమెను అడిగాడు బ్రహ్మం.

“చీపురు పట్టుకొని వచ్చేసరికే కింద పడుంది అయ్యా.”

“అబద్ధం,” అన్నాడు రంగయ్య వసారాలోంచి, తలెత్తకుండా.

బ్రహ్మం ఆయన్ని లోపలికి పిలిచి రాఘవమ్మ పక్కన కూర్చోబెట్టాడు.

“ఫిలిం మందు సెల్యులాయిడ్‌ను కరిగించి రెండు ముక్కల్నీ ఒకటి చేస్తాది. ముసురుకు ఊడదు. ఈ రెక్క ముందే ఒకసారి ఇరిగింది. పొర కింద అంచు చూడండి, రంపప్పళ్ళ మాదిరి ఉంది. ఇరగ్గొట్టినవాళ్ళు తోలు ఉడికించి తీసిన జిగురు పూసినారు. అది చెక్కను ఉడుంపట్టు పడతాది గానీ దీంట్లోకి ఇంకదు. తేమకు మెత్తబడి వదిలేసింది. ఆ జిగురు కుండ ఈ ఇంట్లో ఎవరి ముందుంది?”

ఏబేలు గురువు వైపు మురిపెంగా చూశాడు. రంగయ్య ముఖం పాలిపోయింది.

“వాడు నా మాట ఇనకుండా రైలెక్కిన దినం కోపంలో గోడకేసి కొట్టినాను. మళ్ళా నాకే భయమేసింది. పలకలకు పట్టేది దీనికి పట్టదా అనుకుంటి. నిన్న ఊడేసరికి రాఘవమ్మకు చెప్పలేకపోయినాను.”

రాఘవమ్మ ఊడిన రెక్కను చేతిలోకి తీసుకుంది.

“అయితే అది ఇరిగినాక గూడా వాడు బాగున్నానని జాబులు రాస్తానే ఉన్నాడు,” అంది. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. “లీదియాను నువ్వే పిలువు.”

“లోపలికి రామ్మా,” అన్నాడు రంగయ్య.

లీదియా గడప దాటలేదు. “నేను ఇరగ్గొట్టినానని బజారంతా చెప్పినావు అయ్యా. కాదని గూడా ఆడనే చెప్పాల.”

రంగయ్య కండువా వేసుకుని, వానలోనే ఆమె వెంట బజారుకు నడిచాడు.