ఇరవై పొయ్యిల గుట్ట

తెల్లవారేసరికి ఆగమ్మ, కోడలు రజిని సగం గంప ఇప్పపువ్వు ఏరారు. రజిని కాపురానికి వచ్చి ఏడాది కాలేదు. లాల్‌పేట్ బొగ్గుగని కార్మికుడి బిడ్డ. గుట్ట మీది ఇప్పచెట్లన్నీ గూడేనివే. పెళ్లై వచ్చిన ప్రతి కోడలికీ గూడెం ఒక చెట్టు చూపిస్తుంది. బతికినంత కాలం దాని కింద రాలిన పువ్వు ఆమెది. ఆమె పోయాక చెట్టు మళ్లీ గూడేనిది.

"నీ చెట్టుకు గూడ నా మీద కోపమేందే? అన్ని నా నెత్తి మీదనే రాలుస్తుంది," అంది ఆగమ్మ.

"నేనేం చెప్పలే అత్తా. దానికే ఎరికైంది."

నవ్వుకుంటూ ఇంటికి వచ్చేసరికి కొడుకు రామకిషన్ ఉతికిన అంగీ తొడుక్కుని అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"అవ్వా, జల్ది తయారుగా. రాజురా తహసీలు ఆఫీసుకు పోవాలె."

"ఎందుకురా?"

"ఎందుకంటవేంది? గుట్ట ఇస్తున్నమని వేలుముద్ర పెట్టాలె. పర్మినెంట్ కొలువు అవ్వా!"

ప్రైవేటు కంపెనీలకు గనులు ఇవ్వడం మొదలైన రోజులవి. అలాంటి కంపెనీ ఒకటి బొగ్గు కోసం, గూడెం ఉన్న ఈ గుట్ట అడిగింది. పట్టా ఎవరి పేరున ఉంటే ఆ ఇంటికి ఒక కొలువు ఇస్తామంది.

"గుట్ట నాదారా?"

"కాగితం మీద నీ పేరే ఉన్నది గద."

ఉన్న మాట నిజమే. ఈ ప్రాంతం మహారాష్ట్రలో కలవకముందు, నిజాం కాలంలో భూమి కొలతకు వచ్చినవాళ్లు గుట్ట ఎవరిదని అడిగారు. అందరిదని గూడెం చెప్పింది. ఒక్క పేరే చెప్పమన్నారు వాళ్లు. ముందు నిలబడ్డ ఆగమ్మ మామ పేరు రాసుకుని పోయారు. ఆయన తర్వాత ఆమె భర్తకు, భర్త తర్వాత ఆమెకు పట్టా మారింది. గూడెంలో ఎవరూ దాన్ని పట్టించుకోలేదు.

"మాజ్రి గనిల లారీలకు బొగ్గెత్తి నా నడుం పోయింది," అన్నాడు రామకిషన్. "గుత్తేదారు రమ్మంటె పోవాలె, వద్దంటె కూసోవాలె. గిట్లనే సావాల్నా? నీకు కొడుకు కంటె గుట్ట ఎక్కువనా?"

ఆగమ్మ గంప కింద పెట్టింది.

"ఈ ఇంటి దూలానికి చెట్టు కొట్టే ముందు మీ నాయన ప్రతి ఇంటి పొయ్యికాడికి పోయి అడిగిండు. ఒక్కలు కాదన్నా కొట్టకపోతుండె. ఒక్క చెట్టుకు గట్ల అడిగిండు. నువ్వు గుట్టనే ఇస్తనంటున్నవ్. పో, అడిగి రా. అందరు సరే అంటె నీ కంటె ముందు నేను నడుస్త."

"అడుగుత. నాకేం భయమా?" అంటూ అతను విసురుగా వెళ్లాడు.

మొదట పక్కింటి తిరుపతమ్మను అడిగాడు. ఆమె చెంబుతో నీళ్లిచ్చింది.

"నీకు కొలువొస్తె మాకు సంతోషమే అల్లుడా. మేం ఏడికి పోవాల్నో గది గూడ ఆ కంపెనీ సారునే అడిగి రారాదు?"

అతను చెంబు తిరిగిచ్చి ముందుకు నడిచాడు. తర్వాతి ఇళ్లలోనూ ఎవరూ తిట్టలేదు. నీళ్లిచ్చారు, అదే మాట అడిగారు. ఎండ ఎక్కాక తిరిగి వచ్చాడు.

"ఎవ్వలు కాదనలే," అన్నాడు.

"సరే అన్నరా?"

"మేం ఏడికి పోవాల్నని అడిగిండ్రు."

"ఇంకో పొయ్యి మిగిలింది. మనది. నీ పెండ్లాన్ని అడిగినవా?"

"దాన్ని అడిగేదేంది? కంపెనీ క్వార్టర్ల పుట్టిన పిల్ల. చెప్పు రజినీ!"

రజిని చేట పక్కన పెట్టింది.

"మా తాత భూమి గనిల పోయింది. నలుగురన్నదమ్ములది ఆ భూమి. కొలువు ఒక్కటే, మా నాయనకు వచ్చింది. మా చిన్నాయనలు మల్ల మా గడప తొక్కలే. నా పెండ్లికి రాలే, నువ్వే చూసినవ్ గద. ఈ గుట్టకు ఇరవై పొయ్యిలు. కొలువు ఒక్కటే. నేను ఒప్పుకోను."

రామకిషన్ గోడకు ఆనుకుని కూలబడ్డాడు. దూలం వంక చూశాడు. కళ్లు తుడుచుకున్నాడు.

"మరి నేనేం చెయ్యాలె అవ్వా?"

"ముందు బువ్వ తిను. తర్వాత రాజురా పోదాం."

"ఇంకెందుకు?"

"నాడు ఒక్కడు ముందర నిలబడ్డడు, ఒక్క పేరు రాసిండ్రు. ఇయ్యాల అందరం నిలబడుదాం."

తహసీలు ఆఫీసులో పొయ్యికి ఒకరికి తగ్గకుండా వరుసగా నిలబడ్డారు. కంపెనీ మనిషి వేలుముద్రకు సిరా డబ్బీ తీశాడు. ఆగమ్మ చెయ్యి చాపలేదు. గుమాస్తా చిరాకుగా మరాఠీలో, గుట్ట ఎవరిదని అడిగాడు.

మరాఠీ వచ్చినవాడని రామకిషన్‌ను అందరికంటే ముందు నిలబెట్టారు. అతను నోరు తెరవబోయి ఆగాడు. వెనక్కి నడిచి వరుసలో తిరుపతమ్మ పక్కన నిలబడ్డాడు.

"అందరిది సాహెబ్," అన్నాడు అక్కడినుంచి. "పేర్లు చెప్తం, రాసుకోండి."

కాగితంలో ఒక్క పేరుకే చోటుందన్నాడు గుమాస్తా. ఆ మాట రామకిషన్ తెలుగులో చెప్పాడు.

"చోటు లేకుంటె ఎనక రాయమను," అంది తిరుపతమ్మ. "రాసేదాక మేం ఈడనే ఉంటం."

అందరూ నేల మీద కూర్చున్నారు. రామకిషన్ మాత్రం నిలబడే ఒక్కొక్క ఇంటి పేరూ చెప్పడం మొదలుపెట్టాడు. తన ఇంటిని అన్నిటికంటే చివర చెప్పాడు. ఆగమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. రజిని జరిగి భర్తకు చోటిచ్చింది.