మ్యూజియంలో తెలుగు గొంతు

చీకటి పడితే సెక్టర్ ఆరు మ్యూజియం ముందునుంచి వెళ్ళొద్దనేవాళ్ళు. వెళ్ళక తప్పకపోతే తల తిప్పకుండా, సైకిలు గట్టిగా తొక్కుకుంటూ పొమ్మనేవాళ్ళు.

మ్యూజియమంటే పెద్ద మేడ అనుకునేరు. భిలాయిలో స్టీలు ప్లాంటు మొదలైన కొత్తలో పెళ్ళికాని వర్కర్లు ఉండే పాత హాస్టలు అది. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం వచ్చాక సున్నాలేయించి, పాత ఫోటోలూ పనిముట్లూ పెట్టి మ్యూజియం అన్నారు. గేటు దగ్గర హిందీలో ఇంత బోర్డు... ఈ ఆదివారం పిల్లల సినిమా, పై వారం బొమ్మల పోటీ, నెలాఖరుకి ఫ్యామిలీ మేళా, ఆ రోజే కొత్త ప్రదర్శన మొదలు. ఏం లాభం? సినిమాకి నలుగురు పిల్లలు కూడా రాలేదు.

ఎలా వస్తారు? సాయంత్రం తలుపులు మూసేశాక లోపల ఎవరో మాట్లాడుతున్నారాయె!

ముందు విన్నది పాలు పోసే భయ్యా. ‘మద్రాసీ భూత్’ అని వీధి వీధికీ చాటేశాడు. ఈ హిందీవాళ్ళకి మనమంతా మద్రాసీలమే కదా. తర్వాత మా పక్కింటి ఎవాంజెలిన్ చర్చినుంచి వస్తూ విని, చెప్పులు అక్కడే వదిలేసి పరుగెత్తుకొచ్చింది. ఆ మాటలు తమిళం కాదు, మలయాళం కాదు — తెలుగు. అందులోనూ మన శ్రీకాకుళం తెలుగు!

ఇంక చూడండి మా క్వార్టర్లలో గోల. దెయ్యం మనదేనని తేలిపోయింది, ఎవరింటిదో తేలాలి. “మా తాత కాదమ్మా, ఆయన గొంతు సన్నం” అని ఒకావిడ. “మా ఆయన బతికుండగానే నోరు విప్పలేదు, ఇప్పుడు విప్పుతాడేటి?” అని ఇంకొకావిడ. నవ్వకండి. లోపల అందరికీ గుబులే.

ఒక్క అచ్చమ్మకే భయం లేదు. ఇదంతా ఆవిడ కోడలు రజనీకుమారి నాతో చెప్పిందే, నేను కల్పించింది కాదు.

అచ్చమ్మ మొగుడు గురునాథరావు రోలింగ్ మిల్లులో చేసేవాడు. ఆవిడకి సొంత మేనమావే, అందుకే మావా అని పిలిచేది. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. పోయిన రోజు పొద్దున్న ఇద్దరికీ తగువు. దేనిమీదో ఆవిడకిప్పుడు గుర్తు కూడా లేదు. కోపంలో క్యారేజీ కట్టలేదు, అంతే. ఆయన ఉలక్కుండా పలక్కుండా సైకిలెక్కి డ్యూటీకి పోయాడు. మధ్యాహ్నానికి గుండె ఆగిపోయింది.

ఆ పూట తిన్నాడో, ఆకలితోనే పోయాడో... ఆవిడ అడగని మనిషి లేడు. టీ తాగుతుంటే చూశామన్నారు. అన్నం సంగతి ఎవరికీ తెలీదు. అప్పట్నుంచి ఆవిడ ముద్ద ఎత్తిన ప్రతిసారీ చెయ్యి కాసేపు ఆగుతుంది.

“దెయ్యమైతే మరీ మంచిది కదే” అంది కోడలితో. “అడగొచ్చు.”

రజనీకుమారి బతిమాలింది, కోప్పడింది, ఏడ్చింది. ముసలావిడ వింటేనా! జనవరి చలి, పైగా కరెంటు పోయిన సాయంత్రం... శాలువా కప్పుకుని బయల్దేరిపోయింది. ఇంక చేసేదేముంది, కోడలూ వెనకాలే వెళ్ళింది.

వరండా అంతా చీకటి. తలుపులు మూసి ఉన్నాయి. కిటికీలకి లోపల నల్లగుడ్డలు. ఇద్దరూ నిలబడ్డారు... ఏమీ లేదు.

“పోదాం అత్తా” అంది రజనీకుమారి గుసగుసగా.

లోపల ఎవరో దగ్గారు.

“...రైలు దిగేసరికి ఒకటే వాన. ఏటీ కనబడదు. మోకాల్లోతు బురద... అచ్చమ్మని అప్పటికింకా తీసుకురాలేదు...”

మావగారి గొంతే! రజనీకుమారి ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, హనుమాన్ చాలీసా మొదలెట్టి రెండో లైనులోనే ఆగిపోయింది.

అచ్చమ్మ తలుపుకి మొహం ఆనించింది.

“మావా... నానే. ఆ పూట తిన్నావా?”

గొంతు ఆగిపోయింది. ఎక్కడో టక్కుమంది. మళ్ళీ అదే దగ్గు.

“...రైలు దిగేసరికి ఒకటే వాన. ఏటీ కనబడదు...”

“వాన కాదు మావా! తిన్నావా, లేదా? సెప్పు!” ఆవిడ రెండు చేతులతో తలుపు బాదేసింది.

తలుపు తెరుచుకుంది. టార్చి వెలుగు మొహాన పడింది. రజనీకుమారి కెవ్వుమంది. లోపలున్న కుర్రాడు అంతకన్నా గట్టిగా కెవ్వుమన్నాడు.

పేరు శ్యామసుందర్. మ్యూజియం పనికి రాయపూర్ నుంచి కొత్తగా వచ్చాడట. వాడి వెనక బల్లమీద బ్యాటరీలతో నడిచే టేపురికార్డరు. మొదట్లో వచ్చిన వర్కర్ల కబుర్లు ఎప్పుడో కాలేజీ పిల్లలు రికార్డు చేశారట. గురునాథరావు కూడా చెప్పినట్టు ఇంట్లో ఎవరికీ తెలీదు. ఆ క్యాసెట్లే మేళా రోజు కొత్త ప్రదర్శన. పగలు గోలగా ఉంటుందని సాయంత్రాలు తలుపేసుకుని సరిచూసుకుంటున్నాడు. నల్లగుడ్డలు సినిమా కోసం. తెలుగు ముక్క రాదు కాబట్టి సౌండు కుదిరేదాకా ఒకే ముక్క మళ్ళీ మళ్ళీ వేస్తున్నాడు. జనం ఎందుకు రావట్లేదో తెలీక పాపం వాడూ దిగులు పడుతున్నాడు!

అంతే. దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు. రజనీకుమారికి నవ్వు తన్నుకొచ్చింది. అత్త మొహం చూసి మింగేసింది.

అచ్చమ్మ టేపురికార్డరు ముందు కూర్చుని అడుగుతూనే ఉంది.

“అమ్మ ఏం అడుగుతున్నారు దీదీ?” అన్నాడు శ్యామసుందర్ హిందీలో. పోయిన రోజు అన్నం తిన్నారా అని, అంది రజనీకుమారి. అది టేపమ్మా, జవాబు చెప్పదు అని కోడలు ఎంత చెప్పినా ఆవిడ చెవికెక్కలేదు. చివరికి వాడు క్యాసెట్టు మొదటినుంచీ వేశాడు. రైలు, వాన, బురద, హాస్టల్లో నులకమంచాలు, పక్కమంచం చిట్టిబాబు గురక... అన్నీ చెప్పాడు గురునాథరావు.

“ఇంకేటి బాబూ? ఏటడుగుతారో అడగండి.”

అచ్చమ్మ అడిగింది.

టక్కుమని టేపు ఆగింది.

“ఉండండమ్మా, రెండోవైపు ఉంది కదా” అంటూ శ్యామసుందర్ ఆదరాబాదరాగా క్యాసెట్టు తిప్పి పెట్టాడు. ఉస్స్... అని చప్పుడు. ఎంతసేపటికీ అదే చప్పుడు. ఆ వైపు ఎవరూ ఏమీ రికార్డు చెయ్యలేదు. ఆపేద్దామని వాడు చెయ్యి చాపాడు.

అచ్చమ్మ ఆ చెయ్యి పట్టేసుకుంది.

“ఉండు బాబూ... ఆలోసిస్తన్నాడు. సెప్తాడు.”